లూకా 10:33లో ‘జాలిపడి’: స్ప్లంఖ్నిజొమై అనే గ్రీకు మాటను ఎలా అర్థం చేసుకోవాలి?

గాజువాక_కూడిక:

అందరికీ వందనాలు. వచ్చే ఆదివారం సాయంత్రం మా ఇంటి కూడికలో లూకా 10లోని మంచి సమరయుని ఉపమానం ధ్యానిస్తున్నాం. 33వ వచనంలో ‘అతనిమీద జాలిపడి’ అన్నచోట గ్రీకులో స్ప్లంఖ్నిజొమై అనే క్రియ ఉందట. దీని గురించి యూట్యూబ్‌లో వినేవాటికి ఒకదానికొకటి పొంతన లేదు. ఒకరు పేగులు కదలడం అంటారు, ఒకరు తల్లి గర్భం అంటారు, ఇంకొకరు ఇది దేవునికి తప్ప మనుషులకు వాడని మాట అంటారు. సమరయుడు మనిషే కదా మరి!

నేను తెలుసుకోవాలనుకున్నవి ఇవి. అసలు ఇది ఏ అవయవం? 37వ వచనంలో ‘జాలి పడినవాడే’ అన్నచోట కూడా ఇదే మాటా? మా కూడికకు వచ్చేది ఎక్కువగా పెద్దవాళ్లు, వాళ్లకు ‘కడుపు తరుక్కుపోయింది’ అని చెబితే తప్పవుతుందా? మార్కు 1:41లో మన బైబిల్లో ‘కనికరపడి’ అని ఉంటే, ఈమధ్య వచ్చిన ఒక ఇంగ్లిష్ అనువాదంలో యేసుకు కోపం వచ్చినట్టు ఉంది. అది ఎక్కణ్ణుంచి వచ్చింది?

కొయినే_పాఠం:

వందనాలండీ. ముందు ఆ మూడో మాట పక్కన పెట్టేయండి. ఈ క్రియ కొత్త నిబంధనలో 12 సార్లు మాత్రమే వస్తుంది. మత్తయి 9:36, 14:14, 15:32, 18:27, 20:34. మార్కు 1:41, 6:34, 8:2, 9:22. లూకా 7:13, 10:33, 15:20. యోహాను సువార్తలో గానీ పత్రికల్లో (అపొస్తలుల ఉత్తరాల్లో) గానీ ఒక్కసారీ లేదు. తొమ్మిది చోట్ల యేసే కర్త. మిగతా మూడూ ఉపమానాల్లోని మనుషులకు వాడినవి: పదివేల తలాంతుల అప్పు వదిలేసిన యజమాని, సమరయుడు, తప్పిపోయిన కుమారుని తండ్రి. ఆ మనుషుల్లో దేవుని పోలిక ఉందని చెప్పుకోవచ్చు, అది వేరే సంగతి. మనుషులకు వాడరు అనడం మాత్రం కుదరదు.

ఇక అవయవం. నామవాచకం స్ప్లంఖ్న, దాదాపు ఎప్పుడూ బహువచనమే. పాత గ్రీకులో దీనికి ఖచ్చితమైన అర్థం ఉంది: గుండె, ఊపిరితిత్తులు, కార్జం, మూత్రపిండాలు. పేగులకు వేరే మాట ఉంది, ఎంటెర. పూర్ణా మార్కెట్‌లో మటన్ కొట్టువాడు కార్జం ఒక పక్క, బోటి ఒక పక్క పెట్టినట్టే వాళ్లూ విడదీసేవాళ్లు. బలి ఇచ్చాక స్ప్లంఖ్నను చువ్వలకు గుచ్చి కాల్చి, బలిలో ముఖ్యులైనవాళ్లు అక్కడికక్కడే ముందుగా తినేవాళ్లు. మిగతా మాంసం ఆ తర్వాత. ఈ క్రియ మొదట్లో ఆ తినడానికే సంబంధించింది. క్యాథలిక్ బైబిల్లో ఉండే మక్కబీయుల రెండవ గ్రంథం 6:8లో ఇదే క్రియ కర్తరి రూపంలో వస్తుంది, అక్కడ జాలి అన్న ప్రసక్తే లేదు. యూదులచేత బలవంతంగా బలి మాంసం తినిపించమని ఆజ్ఞ. అదే గ్రంథం 9వ అధ్యాయంలో అంతియొకసు రాజుకు భరించలేని నొప్పి పుట్టేది కూడా స్ప్లంఖ్నలోనే. రాసినాయన ఊరికే ఆ మాట ఎంచుకోలేదు.

కొయినే, అంటే కొత్త నిబంధన నాటి వాడుక గ్రీకు కాలానికి వచ్చేసరికి కార్జం, బోటి తేడా చెరిగిపోయింది. అపొస్తలుల కార్యములు 1:18లో యూదా గురించి ‘వాని పేగులన్నియు బయటికి వచ్చెను’ అన్నచోట ఉన్నది స్ప్లంఖ్ననే. కాబట్టి పేగులు అన్నవారు పూర్తిగా తప్పు కాదు. కానీ సువార్తల్లో క్రియ వచ్చినచోట వినేవాడి చెవికి అవయవం వినబడదు, లోపల కలిగే కదలిక వినబడుతుంది. మనం ‘గుండె చెదిరింది’ అంటే ఎవరూ కార్డియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లరు.

గర్భం అన్నది హీబ్రూ నుంచి అరువు తెచ్చిన వివరణ. హీబ్రూలో కనికరానికి రహమీమ్, గర్భానికి రెహెమ్, రెండిటికీ ధాతువు ఒకటే. ఆ సంబంధాన్ని తీసుకొచ్చి గ్రీకు మాటకు అతికించారు. పాత నిబంధన గ్రీకు అనువాదం రహమీమ్‌కు మామూలుగా వాడింది ఒయిక్తిర్మొయ్ అనే ఇంకో మాట. సామెతలు 12:10లో మాత్రం స్ప్లంఖ్న వాడింది. కనుక సంబంధం బొత్తిగా లేదనను, కానీ ‘గ్రీకులో ఈ మాటకు గర్భం అని అర్థం’ అని బోర్డు మీద రాయకండి.

పలకడం గురించి కూడా: గ్రీకులో గామా తర్వాత ఖీ వస్తే ఆ గామా ఙకారం అవుతుంది. తెలుగులో సున్న పెట్టి ఖ రాస్తే చాలు, మన నోరు తనంతట అదే సరిగ్గా పలుకుతుంది. ఇంగ్లిష్ అక్షరాలు చూసి ‘స్ప్లాగ్‌చ్నిజోమై’ అనేవాళ్లు అనవసరంగా కష్టపడుతున్నారు.

అనువాద_బల్ల:

37వ వచనం ప్రశ్నకు జవాబు: కాదండీ, అక్కడ వేరే మాట. తెలుగులో రెండుచోట్లా జాలి వచ్చేసరికి తేడా మరుగున పడింది. 33లో ఎస్ప్లంఖ్నిస్థే (స్ప్లంఖ్నిజొమైకి భూతకాల రూపం), 37లో ఎలెయొస్. ఆ ధర్మశాస్త్రోపదేశకుడు చెప్పిన జవాబును మాటకు మాట తీస్తే ‘అతనిపట్ల కనికరం చేసినవాడు’ అని వస్తుంది. ఎలెయొస్ చేసేది, చూపేది, అడిగి పుచ్చుకునేది. స్ప్లంఖ్నిజొమై తనంతట లోపల కలిగేది. దాని భూతకాల రూపాలన్నీ కర్మణి రూపాలే. వ్యాకరణంలో అర్థం కర్తరిగానే తీసుకుంటారు గానీ, తెలుగులో ‘జాలి చూపాడు’ కంటే ‘జాలి కలిగింది’ దీనికి దగ్గర.

మత్తయిలో ఇది రెండుచోట్ల స్పష్టంగా కనబడుతుంది. 20:30లో గుడ్డివాళ్లు ‘మమ్మును కరుణించుము’ అని కేకలు వేస్తారు, అది ఎలెయొస్ క్రియ. 34లో యేసు ‘కనికరపడి వారి కన్నులు ముట్టెను’, అది స్ప్లంఖ్నిజొమై. 18:27లో యజమాని కనికరపడ్డాడు, స్ప్లంఖ్నిజొమై. 33లో అదే యజమాని ‘నేను నిన్ను కరుణించిన ప్రకారము’ అని నిలదీస్తాడు, ఎలెయొస్ క్రియ. ఒక మనిషికి లోపల ఏమీ కలగలేదని తప్పు పట్టలేం, చేయాల్సింది చేయలేదని పట్టగలం. తలాంతు అంటే 6,000 దేనారాలు, పదివేల తలాంతులంటే 6 కోట్ల దేనారాలు. అంత అప్పు రద్దయినవాడు 100 దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకున్నాడు, ఆరు లక్షల్లో ఒక వంతు. నిలదీసింది ఆ పని చూసి.

పన్నెండింట్లో ఈ మాటతోనే సాయం అడిగినవాడు ఒక్కడే, మార్కు 9:22లో పిల్లవాడి తండ్రి. పైన చూసిన గుడ్డివాళ్లు ‘కరుణించు’ అనే అడిగారు. కన్నవాడి నోట ఈ మాట రావడం మీద కాసేపు ఆగితే బాగుంటుంది, మీ కూడికలో సమయం ఉంటే.

లూకా 10లో నేనైతే ఇంకో మాట మీద ఎక్కువసేపు ఉంటాను: ‘చూచి’. 31లో యాజకుడు చూచి పక్కగా పోయాడు. 32లో లేవీయుడు చూచి పక్కగా పోయాడు. 33లో సమరయుడు చూచి ఎస్ప్లంఖ్నిస్థే. గ్రీకులో మూడుచోట్లా అదే ఇదోన్, దాని వెంటనే ఒక్క క్రియ. మొదటి ఇద్దరికీ ఒకే క్రియ వచ్చి, మూడోవాడి దగ్గర మారేసరికి వినేవాడు ఉలిక్కిపడాలి. అక్కణ్ణుంచి 34 అంతా చేతలే: దగ్గరకు పోవడం, నూనె, ద్రాక్షారసం పోయడం, గాయాలు కట్టడం, వాహనం మీద ఎక్కించడం, పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లడం. మర్నాడు రెండు దేనారాలు, అంటే కూలివాడి రెండు రోజుల కూలి. చూడడం, లోపల కదలడం, చేయడం అన్న వరుస లూకా 7:13లోనూ 15:20లోనూ ఉంది. మార్కు 6:34లో ఆ చేయడం బోధించడం, అదే సందర్భంలో మత్తయి 14:14లో రోగుల్ని బాగుచేయడం.

ఇప్పుడు ‘కడుపు తరుక్కుపోయింది’ సంగతి. నా ఓటు దానికే. కనికరపడడం, జాలిపడడం అనేవి పుస్తకంలో మర్యాదగా కూర్చున్న మాటలు. మన పక్క పెద్దావిడ రోడ్డు మీద దెబ్బ తగిలి పడున్నవాణ్ణి చూస్తే ‘కడుపు తరుక్కుపోనాది బాబూ’ అంటుంది తప్ప కనికరపడ్డాను అనదు. బాధ చూసినప్పుడు, లోపల, తన ప్రమేయం లేకుండా: ఈ మూడూ ఆ జాతీయంలో ఉన్నాయి, గ్రీకు క్రియలోనూ ఉన్నాయి. లూకా 7లో నాయీను విధవరాలికి ఒక్కడే కొడుకు, పాడె మీద ఉన్నాడు. ఆమెది కడుపుకోత, యేసుకు కడుపు తరుక్కుపోయింది. తెలుగులో చెప్పే మనకు దొరికిన ఈ సదుపాయం ఇంగ్లిష్‌లో చెప్పేవాళ్లకు లేదు.

అడిగింది వైజాగ్ నుంచి కాబట్టి పనిలో పనిగా ఇదీ చెబుతాను. లండన్ మిషనరీ సొసైటీ పంపగా 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అక్కడే తెలుగు నేర్చుకుని అనువాదం మొదలుపెట్టారు. ముందు అచ్చయినవి మత్తయి, మార్కు, లూకా, 1812లో సెరాంపూర్‌లో. ఈ క్రియ ఉన్నది సరిగ్గా ఆ మూడింట్లోనే. అచ్చుకెక్కిన సువార్తల మటుకు దీనికి తెలుగు వెతుకులాట మీ ఊళ్లోనే జరిగింది.

కొయినే_పాఠం:

బల్ల గారితో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క పట్టింపు ఉంది. కడుపు తరుక్కుపోవడం క్రియకే సరిపోతుంది. నామవాచకం వచ్చినచోట దాన్ని తీసుకెళ్లి పెట్టకండి. స్ప్లంఖ్న అన్న నామవాచకం 11 సార్లు వస్తుంది, అందులో ఎక్కువ పౌలు పత్రికల్లో. అక్కడ అది ఒక క్షణంలో కలిగే కదలిక కాదు, ఎప్పుడూ ఉండే ఆపేక్ష. ఫిలిప్పీయులకు 1:8లో మనవాళ్లు ‘దయారసము’ అన్నారు, లూకా 1:78లో ‘మహా వాత్సల్యము’, కొలొస్సయులకు 3:12లో ‘జాలిగల మనస్సు’. ఒక్కొక్కచోట ఒక్కొక్క మాట, అన్నీ ఆ చోటికి అతికినవే.

నష్టం జరిగింది ఫిలేమోను పత్రికలో. 25 వచనాల చిన్న ఉత్తరంలో ఈ మాట మూడుసార్లు వస్తుంది. 7లో పరిశుద్ధుల స్ప్లంఖ్న నీ వలన సేదదీరాయి అంటాడు. 12లో ఒనేసిమును పంపుతూ ఇతడు నా స్ప్లంఖ్న అంటాడు. 20లో నా స్ప్లంఖ్నను సేదదీర్చు అని అడుగుతాడు. అడిగింది ఏమిటో ఫిలేమోనుకు ఇట్టే అర్థమవుతుంది: అందరి స్ప్లంఖ్న సేదదీర్చేవాడివి, ఇదిగో నావి నీ గుమ్మం ముందు నిలబడి ఉన్నాయి. తెలుగులో 7, 20 వచనాల్లో హృదయం, మధ్యలో 12లో ‘నా ప్రాణము వంటివాడైన’. చదవడానికి అందంగానే ఉంది, కానీ పౌలు వేసిన ముడి విడిపోయింది.

ఇంకోటి, పాత గ్రీకులో స్ప్లంఖ్న కోపానికి కూడా చోటే. క్రీ.పూ. 405 నాటి అరిస్టొఫనీస్ నాటకం ‘కప్పలు’లో, కోపంతో స్ప్లంఖ్న వేడెక్కించుకోవద్దని ఒకరు ఇంకొకరికి చెబుతారు. మన కడుపుమంట ఎలాగో అలాగన్నమాట. జాలి ఒక్కటే దీని సొత్తు అయింది యూదుల గ్రీకులోను, కొత్త నిబంధనలోను.

పాత_ప్రతులు:

మార్కు 1:41 మిగిలిపోయింది, నేను చెబుతాను. ఇది అనువాదంలో తేడా కాదు, పాత చేతిరాత ప్రతుల్లో తేడా. నాలుగో శతాబ్దపు సీనాయి, వాటికన్ ప్రతులు, గ్రీకు ప్రతుల్లో దాదాపు అన్నీ స్ప్లంఖ్నిస్థెయిస్ అంటాయి, ‘కనికరపడి’. బెజా ప్రతి ఒక్కటే ఒర్గిస్థెయిస్ అంటుంది, ‘కోపపడి’. థియొడోర్ బెజా 1581లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు కాబట్టి దానికి ఆ పేరు. కొన్ని పాత లాటిన్ ప్రతులు కూడా కోపం వైపే ఉన్నాయి. మీరు చెప్పిన ఇంగ్లిష్ అనువాదం, 2011 నాటి ఎన్‌ఐవీ, ఆ పాఠాన్ని తీసుకుంది, అదే ఎన్‌ఐవీ 1984 ముద్రణలో కనికరమే ఉంది.

ఒకే ఒక్క గ్రీకు ప్రతి మాట ఎందుకు పట్టించుకోవాలంటే, రాతగాళ్లు మింగుడుపడని మాటను మెత్తబరుస్తారు గానీ మెత్తని మాటను కష్టం చేయరు. కుష్ఠురోగి బతిమాలితే యేసు కనికరపడ్డాడు అని ఉంటే దాన్ని కోపంగా ఎవరు మారుస్తారు? కోపం అని ఉంటే కనికరంగా మార్చడం మాత్రం ఊహించుకోవచ్చు. పైగా ఇదే సంఘటన మత్తయి 8:3లో, లూకా 5:13లో కనికరమూ లేదు, కోపమూ లేదు. మార్కు 3:5లో ‘కోపముతో వారిని కలయజూచి’ అన్నది, 10:14లో ‘కోపపడి’ అన్నది కూడా ఆ ఇద్దరూ తమ సువార్తల్లో వదిలేశారు. 1:43లో ‘ఖండితముగా’ అన్న తీరు కూడా గట్టిగానే ఉంది.

అవతలి వాదన: బెజా ప్రతి స్వతంత్రంగా మాటలు మార్చడంలో పేరుమోసింది. తొలినాళ్లలోనే సువార్తలు అనువాదమైన సిరియాక్ భాషలో కనికరపడ్డాడు, కోపపడ్డాడు అన్న మాటలు ఒక్క అక్షరం తేడాతో ఉంటాయి, అక్కణ్ణుంచి తడబాటు వచ్చి ఉండవచ్చు అన్నవాళ్లూ ఉన్నారు. పండితులు ఇప్పుడు ఎక్కువగా వాడే గ్రీకు పాఠం, నెస్లె ఆలండ్ 28వ ముద్రణ, కనికరాన్నే ఉంచింది. 2010లో వచ్చిన ఎస్‌బీఎల్ అనే ఇంకో గ్రీకు పాఠం కోపాన్ని తీసుకుంది. నేను కనికరం వైపే మొగ్గుతాను, కానీ గుండె మీద చెయ్యి వేసుకుని ప్రమాణం చేయను. మీ పాఠం లూకా 10 కాబట్టి దీన్ని ఎత్తకపోవడమే మంచిది. ఎవరైనా అడిగితే ‘ఒక పాత ప్రతిలో అలా ఉంది’ అని చెప్పి వదిలేయండి. లేకపోతే సమరయుడు దారిలోనే ఉండిపోతాడు.

గాజువాక_కూడిక:

చాలా థ్యాంక్సండీ అందరికీ. ఫిలేమోను సంగతి అసలు ఊహించలేదు. ఒక్క సందేహం: నేను తెలుగు బైబిల్ యాప్‌లో ‘కనికర’ అని వెతికి వచ్చినవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఈ పన్నెండు కాకుండా బోలెడు వచ్చాయి. మత్తయి 5:7 కూడా వచ్చింది. అది ఈ మాట కాదా?

అనువాద_బల్ల:

కాదండీ. తెలుగు మాటతో వెతికితే జరిగే తిరకాసు ఇదే. ‘కనికరముగలవారు ధన్యులు’ అన్నచోట ఎలెయెమోనెస్. 9:13లో ‘కనికరమునే కోరుచున్నాను’ అన్నదీ ఎలెయొసే. మనవాళ్లు రెండు మూడు గ్రీకు మాటలకు కనికరమే వాడారు. తిరగేస్తే లూకా 10:33 మీ జాబితాలోకి రానే రాదు, ఎందుకంటే అక్కడ జాలి అన్నారు. అంటే మీకు కావలసిన వచనమే తప్పిపోతుంది.

స్ట్రాంగ్స్ నంబర్లతో, అంటే బైబిల్లోని ఒక్కో గ్రీకు, హీబ్రూ మాటకు ఇచ్చిన నంబర్లతో వెతకండి. నంబర్లు చూపించే ఇంటర్‌లీనియర్ (మూల భాష మాట కిందే దాని అర్థం వేసే బైబిల్) ఏదైనా ఫర్వాలేదు, ఫోన్లో ఉచితంగా దొరికేవి చాలు. క్రియ 4697, నామవాచకం 4698. పోల్చుకోవడానికి ఎలెయొస్ 1656, దాని క్రియ 1653, ఒయిక్తిర్మొస్ 3628. ‘జీ’ అక్షరం ఉన్న వరుసలో చూడండి, ‘హెచ్’ వరుస హీబ్రూది, అదే నంబరుకు అక్కడ వేరే మాట ఉంటుంది. వచ్చిన వచనాల పక్కన ముందు ‘చూచి’ ఉందా, తర్వాత ఏ పని ఉంది అని రెండు గడులు గీసుకోండి. పన్నెండే కాబట్టి అరగంట పని.

నంబరు నొక్కగానే కింద చిన్న నిర్వచనం వస్తుంది, దానిలో పేగుల ముచ్చట ఉంటుంది. అది మాట పుట్టుక గురించి, ఆ వచనంలో అర్థం గురించి కాదు. అలాగే పాత కింగ్ జేమ్స్‌లో పత్రికల దగ్గర ‘బవెల్స్’ అని కనిపిస్తే కంగారుపడకండి, అది నామవాచకం 4698. క్రియ ఉన్నచోట వాళ్లూ కంపాషన్ అనే అన్నారు.

కొయినే_పాఠం:

ఇంకో రెండు మాటలు కూడా అదే కాగితం మీద రాసుకోండి, ఇదే కుటుంబం. ఎఫెసీయులకు 4:32లో ‘కరుణాహృదయులై’, 1 పేతురు 3:8లో ‘కరుణాచిత్తులు’ రెండూ యూస్ప్లంఖ్నొస్. యాకోబు 5:11లో ‘ఎంతో జాలియు’ అన్నది పొలూస్ప్లంఖ్నొస్. పత్రికల్లో క్రియ లేదని పైన అన్నాను కదా, దాని లోటు తీర్చేవి ఇవే. యూస్ప్లంఖ్నొస్ ఆజ్ఞల్లో, గుణాల పట్టికల్లో వస్తుంది, కాబట్టి ఎఫెసీ 4:32 దగ్గర ‘కడుపు తరుక్కుపోయేవారై యుండుడి’ అని మాత్రం చదవకండి, పెద్దవాళ్లు నవ్వుతారు.